ఎరుపు లేని సముద్రం

ప్రత్యేక కమిషనర్ విశ్వమోహన్ గారి కార్యాలయంలో ఒక గోడ ఉంది. గోడ నిండా తెరలే. ఒక తెర మీద రోడ్లు, ఒక తెర మీద పింఛన్లు, ఒక తెర మీద మరుగుదొడ్లు. ప్రతి తెర మీదా మూడే రంగులు. పని అయిపోతే పచ్చ, అవుతూ ఉంటే పసుపు, కాకపోతే ఎరుపు. ఆయన పొద్దున్నే వచ్చి కాఫీ తాగుతూ గోడ వంక చూస్తారు. ఎక్కడ ఎరుపు కనిపిస్తే అక్కడికి ఫోను చేయిస్తారు. సాయంత్రానికి అది పసుపవుతుంది. అలా పసుపైన ఒక రోడ్డు మీద గుంత అలాగే ఉందని ఎవరో పత్రికలో రాశారు గానీ, ఆ గుంత తెరలో లేదు.

గోడకు ఒక మూల ఒక తెర చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. ఖాళీగా ఉంచడం బాగోలేదని అందులో సముద్రాన్ని పెట్టమన్నారు. సముద్రం మా దగ్గర ఉంది కనుక మా కేంద్రానికి ఉత్తర్వు వచ్చింది.

మాది సముద్ర వర్ణ పరిశీలన కేంద్రం. నేను అక్కడ పరిపాలనాధికారిని, పేరు కామేశం. సముద్రం గురించి నాకు తెలిసినవి రెండే సంగతులు. అది మా ప్రహరీగోడ దాటాక ఉంటుంది, దాని గాలికి మా బీరువాలు తుప్పు పడతాయి. తక్కినదంతా డాక్టర్ సునందగారికి తెలుసు. డైరెక్టరు పదవి ఖాళీగా ఉండడం వల్ల కేంద్రాన్ని నడిపేది కూడా ఆవిడే.

సునందగారిది మదనపల్లె. సముద్రాన్ని మొదటిసారి ఎమ్మెస్సీ చదివేటప్పుడు చూశారట. చూసిన రోజే పడవ ఎక్కారట, ఎక్కిన అరగంటకే కడుపులో ఉన్నదంతా కక్కుకున్నారట. ఆ తరవాత ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, ఇక లాభం లేదని, సముద్రాన్ని ఆకాశంలోంచి చూసే చదువులోకి మారారు. ఉపగ్రహాలు పంపే చిత్రాలను చూసి నీటిలో ఏ జీవం ఎక్కడుందో చెప్పడం ఆవిడ పని. ఇరవై ఏళ్లు దాటింది ఆ పని మొదలుపెట్టి. ఉప్పునీళ్లలో కాలు పెట్టకుండా ఆ తీరంలో ఆవిడకు తెలిసినంత సముద్రం ఇంకే ఆఫీసరుకూ తెలియదు.

నేను కొత్తలో అడిగాను, అంత ఎత్తునుంచి చేప కనపడుతుందా అని.

"చేప కనపడదు కామేశంగారూ. చేప తిండి కనపడుతుంది. నీళ్లలో కంటికి ఆనని నాచు ఉంటుంది. అది ఎక్కువైతే నీటి రంగు మారుతుంది. ఆ రంగు ఉపగ్రహానికి తెలుస్తుంది. వడ్డన ఎక్కడ జరుగుతోందో తెలిస్తే బంతి ఎక్కడ కూర్చుందో తెలిసినట్టే కదా."

ఆవిడ రోజూ ఒక పటం గీస్తారు. నాచు తక్కువున్న చోట నీలం, ఒక మోస్తరుగా ఉంటే పసుపు, దట్టంగా ఉంటే ఎరుపు. ప్రపంచంలో అందరూ అలాగే గీస్తారట. ఆ పటాన్నిబట్టి ఏ దిక్కున ఎంత దూరం వెళితే చేప దొరుకుతుందో తీరంలోని పడవలవాళ్లకు ఫోన్లలో సందేశం వెళుతుంది. వాళ్లు అటు వెళతారు. ఊరికే తిరగకుండా నాలుగు బుట్టల చేపతో ఇల్లు చేరతారు. ఇందులో ఇబ్బంది ఏమీ లేకపోవడం వల్ల అప్పటివరకు పై అధికారుల దృష్టికి రాలేదు.

తెర మీద సముద్రం వెలిగిన రోజు కమిషనర్ గారు వీడియో సమావేశం పెట్టారు. మేమిద్దరం మా గదిలో కుర్చీలు సర్దుకుని కూర్చున్నాం.

"ఏమిటండీ ఇంత ఎరుపు?" అన్నారు కమిషనర్ గారు.

"అది ఉత్తర జిల్లా తీరం సార్," అన్నారు సునందగారు. జిల్లాల అసలు పేర్లు చెప్పడం బాగుండదు కనుక నేనూ దిక్కులతోనే చెబుతాను. "అక్కడ నాచు బాగా పట్టింది. ఈ వారం చేపలు బాగా పడతాయి."

"ఎరుపు కదా అది."

"ఎరుపంటే ఎక్కువ అని సార్. నీలమంటే తక్కువ."

"మా గోడ మీద నీలం లేదు."

"ప్రపంచమంతా ఇదే వాడుక సార్."

"డాక్టర్ గారూ, ప్రపంచం మా గోడ మీద లేదు. నీలం తీసి పచ్చ పెట్టించండి." ఆయన పక్కకు తిరిగారు. "ఉత్తర జిల్లా మత్స్య అధికారి లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను సార్."

"మీ సముద్రం ఎర్రగా ఉంది."

ఆయన సర్వీసు నిండిన మనిషి. దేనివల్ల ఎరుపు, ఎందుకు ఎరుపు అని అడగలేదు. "పదిహేను రోజుల్లో పసుపుకు తెస్తాను సార్," అన్నారు.

పదిహేను రోజుల్లో పసుపుకు వచ్చింది. గాలి మారింది, నాచును చేపలు తిన్నాయి, చేపల్ని జనం తిన్నారు. ఇంకో వారానికి పచ్చబడింది కూడా. ఉత్తర జిల్లా అధికారికి రాజధానిలో శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన నాకు ఫోను చేసి, "నిజం చెప్పొద్దూ కామేశంగారూ, నేనేమీ చెయ్యలేదండీ. విజయగాథ పంపమంటున్నారు. ఏం రాయను?" అన్నారు.

"పరిమిత వనరులతో సాధించినట్టు రాయండి," అన్నాను. అలాగే రాశారు.

ఈలోగా దక్షిణ జిల్లా తీరం ఎర్రబడింది. ఆ అధికారి చిన్నవాడు, ఉత్సాహవంతుడు. సంజాయిషీ నోటీసు అందగానే కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి, పెద్ద మరపడవలు తెప్పించి, ఎరుపును చెదరగొట్టడానికి నీళ్లను పొద్దుటినుంచి సాయంత్రందాకా చిలికించాడు. చిలికితే అడుగునున్న సారమంతా పైకి వస్తుందనీ, నాచుకు అంతకంటే మంచి ఎరువు ఉండదనీ సునందగారు అతనికి ఫోనులో చెప్పేసరికే ఆలస్యమైంది. దక్షిణ సముద్రం అంతకు ముందెన్నడూ లేనంత ఎరుపెక్కింది. అతను సెలవు మీద వెళ్లాడు.

మధ్య జిల్లాకు ఆ నెలంతా మబ్బులు పట్టాయి. మబ్బు పడితే ఉపగ్రహానికి నీళ్లు కనపడవు, పటంలో ఆ చోటు తెల్లగా ఉండిపోతుంది. ఎరుపు శూన్యంగా నమోదైనందువల్ల మధ్య జిల్లాను ఉత్తమ తీర జిల్లాగా ప్రకటించారు. మరునాడు మరో ఇద్దరు అధికారులు సునందగారికి ఫోను చేసి, తమ జిల్లాలకు కూడా మబ్బులు మంజూరు చేయించే వీలుందా అని మర్యాదగానే అడిగారు.

ఈ ఫలితాలతో ప్రోత్సాహం పొంది కమిషనర్ గారు 'ఎరుపు లేని సముద్రం' అనే కార్యక్రమాన్ని ప్రారంభించారు. తీరమంతటా ఫ్లెక్సీలు కట్టారు. బడిపిల్లలచేత ఒడ్డున ప్రతిజ్ఞ చేయించారు. ఉత్తర్వు నా బల్లమీదికే వచ్చింది కనుక అందులోని మాటలు నాకు గుర్తున్నాయి. "ఎరుపు మండలములలో వేటతో సహా సమస్త మానవ కార్యకలాపములను తక్షణమే నిలుపుదల చేసి, సదరు మండలములు కోలుకొనుటకు అవకాశము కల్పించవలెను. వేట పడవలు పచ్చ మండలములను సద్వినియోగపరచుకొనవలెను."

ఎరుపు మండలాల దగ్గర కాపలాకు ఒక పోలీసు పడవను కూడా పెట్టారు.

ఉత్తర్వు వచ్చిన మూడోనాడు గంగుపేట పడవల సంఘం అధ్యక్షుడు సూరాడ ఎర్రయ్య మా ఆఫీసుకు వచ్చాడు. సునందగారి సందేశాలను మొదట నమ్మింది గంగుపేటవాళ్లే. వాళ్లకు చేపలు పడ్డం చూసి తక్కిన ఊళ్లవాళ్లు నమ్మారు. ఎర్రయ్య మనిషి పొడుగు, మాట నెమ్మది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏటమ్మా ఇది. మొన్నటిదాకా ఎర్రగుంటే ఎల్లమన్నారు. ఇయాల ఎర్రగుంటే ఎల్లొద్దంతన్నారు. ఈ సంగతి సేపలకి సెప్పేరా?"

"నా పటం మారలేదు ఎర్రయ్యగారూ," అన్నారు సునందగారు. "దానికి అర్థం మార్చారు."

"పోలీసోల్లు ఎనక్కి తిప్పేత్తన్నారు. పచ్చజోనుకి ఎల్లండంతారు. ఎల్లేం. నీల్లున్నాయమ్మా అక్కడ. ఉట్టి నీల్లు."

"తెలుసు."

"తెలిసి మరి మీరు ఊరుకుంతే ఎలాగ?"

సంఘం తరఫున కమిషనర్ గారికి అర్జీ పెట్టమని నేనే సలహా ఇచ్చాను, నేనే రాసిపెట్టాను. పది రోజులకు అది తిరిగొచ్చింది. ఎర్రయ్య అన్న అర్జీదారు పేరులోని మొదటి రెండక్షరాలు కార్యక్రమ లక్ష్యానికి విరుద్ధంగా ఉన్నందున దానిపై స్పష్టత కోరారు.

అర్జీ తిరిగొచ్చిన వారంలోనే ఎర్రయ్య అల్లుడు నూకరాజు పడవ కనపడకుండా పోయింది.

నూకరాజు, ఇంకో ముగ్గురు పచ్చజోనుకు వెళ్లారు. దగ్గరలో ఏమీ పడలేదు. ఇంకొంచెం లోపలికి వెళ్లారు. అక్కడా ఏమీ పడలేదు. ఖాళీ పడవతో ఎలా వస్తాం అనుకుని ఇంకా లోపలికి పోయారు. తిరిగి రావడానికి డీజిలు చాలదని చివరగా ఇంకో పడవవాళ్లకు వైర్‌లెస్‌లో చెప్పాడట. ఆ తరవాత మాట లేదు. మరునాడు పొద్దున్న ఎర్రయ్య మా వరండాలో వచ్చి కూర్చున్నాడు. ఈసారి కుర్చీ చూపినా నేలమీదే కూర్చున్నాడు.

సునందగారు ఆ రోజు టిఫిను డబ్బా తెరవలేదు. పడవ చిన్నది, ఉపగ్రహానికి ఆనదు. కానీ ఆ చుట్టుపక్కల నీళ్లు ఎటు పోతున్నాయో, గాలి ఎటు తోస్తోందో ఆనుతుంది. ఆఖరి మాట ఎక్కడినుంచి వచ్చిందో దాన్నిబట్టి పడవ ఎటు కొట్టుకుపోయి ఉంటుందో లెక్క కట్టారు. ఒకసారి కట్టి, నమ్మకం చాలక మళ్లీ మొదటినుంచీ కట్టారు. మధ్యాహ్నానికి పటం మీద ఒక గుండ్రం గీసి గస్తీ నౌకవాళ్లకు పంపారు. పంపాక ఆ గుండ్రాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఇంత పెద్దదా వెతకాల్సింది?" అన్నాను.

"ఇంతకంటే చిన్నది గీస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది," అన్నారు.

పడవ మరునాడు దొరికింది, గుండ్రంలో ఓ అంచున. నలుగురూ బతికే ఉన్నారు. చేపల కోసం వేసుకెళ్లిన ఐసు కరిగితే ఆ నీళ్లు తాగారట. ఫోనులో కబురు విని ఎర్రయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మళ్లీ మడతపెట్టి భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. సునందగారు లోపలికి వెళ్లి చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను అది ఎక్కడా నమోదు చేయలేదు.

సాయంత్రం కమిషనర్ గారు పత్రికలవారితో మాట్లాడారు. "తప్పిపోయిన పడవ పచ్చ మండలంలోనే సురక్షితంగా లభ్యం కావడం మన కార్యక్రమ విజయానికి నిదర్శనం," అన్నారు.

ఆ మాట పేపర్లో చూసి సునందగారు రాజధానికి రెండు టికెట్లు తీయమన్నారు. నన్నెందుకని అడిగాను. "నాకు వాళ్ల భాష రాదు, మీకు వచ్చు," అన్నారు. అది నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన పెద్ద గౌరవమని అప్పుడు అనుకున్నాను.

కమిషనర్ గారు మంచి మర్యాదస్తులు. మాకు జీడిపప్పు పెట్టించారు. సునందగారు చెప్పినదంతా మధ్యలో అడ్డురాకుండా విన్నారు.

"అంతా బాగానే ఉందండీ," అన్నారు చివరికి. "కానీ ఎరుపంటే ప్రమాదమని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు."

"కుంకుమ కూడా ఎరుపే కదా సార్."

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "అది దేవాదాయ శాఖ," అన్నారు.

"పోనీ సార్, రంగు మార్చుకుంటాను. నాచు ఎక్కువున్న చోట పచ్చ, లేనిచోట ఎరుపు పెడతాను. మీ గోడకు సరిపోతుంది, పడవలవాళ్లకూ సరిపోతుంది. అరపూట పని."

"రంగులు మార్చడం నా ఒక్కడి చేతిలో లేదు. కమిటీ వేద్దాం."

వర్ణ సమన్వయ కమిటీ వేశారు. ట్రాఫిక్ పోలీసునుంచి ఒక అధికారి, చేనేత శాఖనుంచి అద్దకాల నిపుణుడు, పదవీ విరమణ చేసిన ఒక డ్రాయింగు మాస్టారు అందులో సభ్యులు. సముద్రం తెలిసినవాళ్లను వేస్తే పక్షపాతం వస్తుందని వేయలేదు. వాళ్ల ముందు సునందగారు మళ్లీ మొదటినుంచీ చెప్పారు. విన్నాక ట్రాఫిక్ అధికారి, ఎరుపును చూసి ముందుకు వెళ్లమంటే తన శాఖ మనుగడే ప్రశ్నార్థకమవుతుందన్నారు. అద్దకాల నిపుణుడు ఉప్పునీళ్లలో ఏ రంగూ నిలవదని అనుభవం మీద చెప్పారు. డ్రాయింగు మాస్టారు మాత్రం కొంచెం బాధపడ్డారు. సముద్రానికి నీలం తప్ప ఇంకో రంగు వేసిన పిల్లలకు తాను ఎన్నడూ మార్కులు వేయలేదన్నారు.

కమిటీ నిర్ణయం అక్కడికక్కడే చదివి వినిపించారు. "ప్రమాణీకరించిన రంగులను మార్చుటకు ఈ కమిటీకి అధికారము లేదు. కావున సముద్రమును మార్చుటకు గల అవకాశములను సంబంధిత కేంద్రము పరిశీలించవలెను."

తిరుగు రైల్లో సునందగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చాలా స్టేషన్లు దాటాక నావైపు తిరిగారు.

"కామేశంగారూ, ఆ నిషేధం ఉత్తర్వులో మన కేంద్రం ఏం చెయ్యాలని ఉంది?"

నాకు ఉత్తర్వులు నోటికి వస్తాయి. "ఎరుపు మండలముల ఉనికిని ప్రతిదినము మత్స్యకారులకు విస్పష్టముగా, వారికి అర్థమగు భాషలో తెలియజేసి, వారు పొరపాటున అందు ప్రవేశింపకుండ జాగ్రత్తపడవలెను."

"విస్పష్టంగా అనే ఉందా?"

"విస్పష్టముగా అనే ఉందండి."

"మనం ఇన్నాళ్లూ సరిగ్గా పాటించలేదేమో," అన్నారు.

ఆ మరునాటినుంచి ఆవిడ సందేశాన్ని తన గొంతుతోనే చదివి పంపడం మొదలుపెట్టారు. మొదటి సందేశం నేను దగ్గరుండి విన్నాను. "గంగుపేట రేవు నుంచి ఈశాన్యంగా, దీపస్తంభం ఎడమచేతికి వచ్చేలా పెట్టుకుని పన్నెండు మైళ్లు పోతే ఎర్ర మండలం ఉంది. దయచేసి ఎవరూ అటు వెళ్లకండి. ముఖ్యంగా తెల్లవారుజామున వెళ్లకండి. వెళ్లినా వల మరీ లోతుకు దించకండి, పైపైనే కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు గుంపులుగా తగిలే ప్రమాదం ఉంది. ప్రవాహం దక్షిణానికి ఉంది కనుక పొద్దెక్కాక ఈ ప్రమాదం రెండు మైళ్లు కిందికి జరుగుతుంది. అక్కడికి కూడా వెళ్లకండి."

ఆ ఉత్తర్వును అంత శ్రద్ధగా అమలుచేసిన ఆఫీసు ఇంకొకటి లేదని నేను రాసివ్వగలను. పోలీసులు కూడా రేవులో ఆ సందేశాన్ని మైకులో రోజూ రెండుసార్లు వినిపించారు. పోలీసు పడవ అప్పటికి మరమ్మతుకు వెళ్లింది. బాగయి వచ్చాక కూడా కాపలాకు వెళ్లే కానిస్టేబుళ్లు ఇంటినుంచి గాలాలు తెచ్చుకునేవారని విన్నాను.

వారం తరవాత ఎర్రయ్య ఫోను చేశాడు. స్పీకరు పెట్టి ఉంది కనుక నాకూ వినిపించింది.

"ఏం ఎర్రయ్యగారూ, ఎవరూ ఎర్రజోనుకి వెళ్లడం లేదు కదా?"

"ఎల్తారేటమ్మా. నువ్వు అంత గట్టిగా ఎల్లొద్దంతే. ఒకలూ ఎల్లట్లేదు. సేపలే ఒడ్డుకొచ్చీసి బుట్టల్లో కూకుంతన్నాయి."

"నూకరాజు ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. పడవెక్కేడు మల్లీని. ఆడూ అటేపు ఎల్లట్లేదు."

సునందగారు ఫోను పెట్టేసి, టిఫిను డబ్బా తెరిచి, నాకు కూడా ఓ రాగిసంగటి ముద్ద పెట్టారు. అది నాకు అంతగా రుచించదు గానీ ఆ రోజు తిన్నాను.

ఆ సీజనులో చేపల ఉత్పత్తి పెరిగింది. కమిషనర్ గారి గోడ మీద చేపల ఉత్పత్తికి వేరే తెర ఉంది. అది పచ్చబడింది. ఆయన ఆ పచ్చ తెరనూ, పక్కనున్న సముద్రం తెరనూ మార్చిమార్చి చూసి, తనే స్వయంగా ఒక విషయం కనిపెట్టారు. ఎక్కడెక్కడ ఎరుపు మండలం ప్రకటించారో ఆ జిల్లాల్లోనే ఉత్పత్తి పెరిగింది. అంటే ఎరుపు మండలం ప్రకటించడం వల్లే చేపలు పెరుగుతున్నాయి.

కొత్త ఉత్తర్వు వచ్చింది. 'ఎరుపు లేని సముద్రం' ఫ్లెక్సీల మీద 'లేని' అన్న మాటపై 'నిండిన' అని కాగితం అంటించారు. ఉత్తర జిల్లా అధికారి తన ప్రశంసాపత్రం వెనక్కి పంపవలసి వచ్చింది. శాలువా ఉంచుకోమన్నారు. సెలవు మీదున్న దక్షిణ జిల్లా కుర్రవాడిని పిలిపించి సన్మానించారు. మబ్బుల పుణ్యాన ఉత్తమ జిల్లా అయిన మధ్య జిల్లాకు సంజాయిషీ నోటీసు వెళ్లింది. అంతటితో ఆగి ఉంటే మాకు ఇబ్బంది లేదు. ప్రాంతీయ సమన్యాయం దృష్ట్యా ప్రతి జిల్లాకూ సమాన విస్తీర్ణంలో రెండేసి ఎరుపు మండలాలు ఉండేటట్టు పటం గీసి పంపాలని మా కేంద్రాన్ని ఆదేశించారు.

సునందగారు వీడియో సమావేశంలో చెప్పారు. "మధ్య జిల్లాలో ఇప్పుడు లేవు సార్."

"ప్రకటించండి. ఏర్పడతాయి."

"ఏర్పడవు సార్."

"దక్షిణ జిల్లాకు ఇచ్చి మధ్య జిల్లాకు ఇవ్వకపోతే శాసనసభలో నేనేం జవాబు చెప్పను?"

"చేపలు లేనిచోట ఉన్నాయని చెబితే మళ్లీ పడవలు పోతాయి సార్. ఒకసారి ఉట్టి నీళ్లలోకి పంపాం, నలుగురు కొట్టుకుపోయారు. ఆ పటం నేను గీయను."

"గీయరా, గీయలేరా?"

"రెండూ సార్."

తెర మీద కమిషనర్ గారి ముఖంలో కోపం లేదు. ఒక పని పసుపులో ఆగిపోయిందే అన్న బాధ ఉంది.

నాలుగో రోజున మెమో వచ్చింది. "మీరు సమర్పించిన సముద్రము ప్రభుత్వము ఆమోదించిన నమూనా పటముతో ఏకీభవించుట లేదు. ఏకీభవించకపోవుటకు కారణమేమియో, మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో వివరింపుడు."

సునందగారు జవాబు చేత్తో రాసి నాకిచ్చారు. "పటం నేను గీశాను. సముద్రాన్ని నేను గీయలేదు. ఏకీభవించకపోవడం సముద్రం చేసిన పని. అందుకు కారణం సముద్రాన్నే అడగవలసి ఉంటుంది."

"ఇలా రాస్తే ఉద్యోగం పోతుందండీ," అన్నాను. "కొంచెం మెత్తగా, 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెడితే..."

"సాంకేతిక కారణం ఏమీ లేదు కామేశంగారూ. అబద్ధపు పటం గీయకూడదని ఉంది, అంతే."

"ఇరవై ఏళ్ల సర్వీసు."

"అవును," అన్నారు. "పడవ ఎక్కలేనిదానికి ఇన్నేళ్లు సముద్రం జీతం ఇచ్చింది. దానిమీద అబద్ధం చెప్పి ఇంకో పదేళ్లు తినలేను," అన్నారు.

ఆవిడ బల్ల సొరుగు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. నేను ఆ జవాబును ఉన్నది ఉన్నట్టే టైపు చేయించి పంపాను. టైపు చేయిస్తూ ఒక్క కామా సరిచేశాను. అంతకుమించి చేయడానికి నాకు మనసొప్పలేదు.

ఆవిడ సంగతి అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కానీ కమిషనర్ కార్యాలయంలో న్యాయ విభాగం అని ఒకటి ఉంది. అక్కడివాళ్లు ఏ కాగితాన్నైనా అక్షరం పొల్లుపోకుండా చదువుతారు. వాళ్లు ఇలా రాశారు. "అధికారిణి తన వివరణలో మూడవ పక్షమైన సముద్రముపై నిర్దిష్టమైన ఆరోపణ చేసియున్నారు. సదరు పక్షము వాదన వినకుండ నిర్ణయము తీసుకొనుట సహజ న్యాయ సూత్రములకు విరుద్ధము. కావున సముద్రమునకు నోటీసు జారీచేయవలెను. సమాధానము వచ్చువరకు యథాతథ స్థితి కొనసాగవలెను."

యథాతథ స్థితి అంటే పాత పటం, పాత సందేశం, పాత సునందగారు. ఆవిడ సొరుగు మళ్లీ సర్దుకున్నారు.

నోటీసు అందజేసే బాధ్యత అతి సమీపంలోని ఆఫీసుగా మాకు వచ్చింది. చిరునామాదారు స్వయంగా తీసుకోని పక్షంలో, నివాసస్థలం వద్ద ఇద్దరు సాక్షుల సమక్షంలో అంటించాలని నియమం. నేను, మా అటెండరు అప్పలకొండ, సాక్షిగా వస్తానన్న ఎర్రయ్య, ఒక పొద్దుటిపూట ఒడ్డుకు వెళ్లాం. సునందగారు దూరంగా, నీళ్లు తగలనిచోట నిలబడ్డారు.

అప్పలకొండ ఇసుకలో ఒక వెదురుగడ పాతి దానికి నోటీసు అంటించాడు. నియమం ప్రకారం నేను దాన్ని పైకి చదివాను. ఇంకా నకలు ఎవరెవరికో చదవవలసి ఉండగానే ఒక కెరటం వచ్చి గడను, నోటీసును, జిగురు డబ్బాను కూడా తీసుకుపోయింది.

"ముట్టినట్టేనా బాబూ?" అన్నాడు అప్పలకొండ.

"ముట్టినట్టే," అన్నాను. "రసీదు మీద సంతకం కావాలి మరి."

అప్పలకొండ నీళ్లవైపు కాసేపు చూశాడు. "నోటీసు తీసుకుంది గానీ సంతకం ఎట్టలేదండి," అన్నాడు.

ఎర్రయ్య తువ్వాలు భుజం మీంచి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఉన్నది ఉన్నట్టే నివేదిక పంపాను. సాక్షులుగా వాళ్లిద్దరూ వేలిముద్రలు వేశారు.

కమిషనర్ గారు తరవాత పై పదవికి వెళ్లారు. వారి స్థానంలో వచ్చినవారు ఫైలు తెరిచి, వ్యవహారం విచారణలో ఉందని చూసి, మూసేశారు. గంగుపేట పడవలు పొద్దున్నే ఎటు వెళ్లకూడదో విని అటు వెళుతున్నాయి.

నెలకోసారి రాజధాని నుంచి గుర్తుచేస్తూ ఉత్తరం వస్తుంది, సముద్రం నుంచి సమాధానం అందిందా లేదా తెలియజేయవలెనని. నేను దాన్ని పట్టుకుని సునందగారి గదికి వెళతాను. ఆవిడ తెర మీద ఆనాటి నీళ్లు చూస్తూ ఉంటారు.

"మళ్లీ అడిగారండీ. ఏం రాయమంటారు?"

"ఇంకా రాలేదని రాయండి," అంటారు ఆవిడ. "తొందరేం లేదు. నిదానంగా ఆలోచించుకోనివ్వండి."